ఆ గౌను ఎవరు కుట్టారు?



క్రిస్మస్ ఇంకా పది రోజులుందనగా మన ఊళ్లలో కుట్టుమిషను ఉన్న ఇల్లు ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పనక్కరలేదు. అరుగు మీద సంచులు, సంచుల్లో గుడ్డలు, గుడ్డలకు గుండుసూదులతో గుచ్చిన పేర్ల చీటీలు. ఆ ఇంటి ఇల్లాలికి అన్నం వండుకునే తీరిక కూడా ఉండదు. ఇరవై నాలుగో తేదీ రాత్రి పదకొండు గంటలకు కూడా ఎవరో ఒకరు గుమ్మంలోకి వచ్చి, "మా పిల్ల గౌను అయిందా అమ్మా?" అని అడుగుతూనే ఉంటారు. తీరా అయ్యాక, డబ్బుల దగ్గరికి వచ్చేసరికి, "మనలో మనకేమిటి వదినా, ఎంతో కొంత ఇస్తాలే" అంటారు. ఆమె కూడా మొహమాటపడి నవ్వి ఊరుకుంటుంది. మర్నాడు గుడిలో ఆ గౌను చూసి, "ఎంత బాగుందో, ఎక్కడ కొన్నారు?" అని అడిగేవారు పదిమంది ఉంటారు. "ఎవరు కుట్టారు?" అని అడిగేవారు ఒక్కరుంటే గొప్ప.

ఫ్యాషన్ డిజైనర్ అనే మాట ఇప్పుడు మన ఆడపిల్లల నోట తరచుగా వినబడుతోంది. ఆ మాట వినగానే కొందరు పెద్దలు మొహం చిట్లిస్తారు. అదేదో సినిమావాళ్ల వ్యవహారమనీ, డబ్బున్నవాళ్ల సరదా అనీ వారి అభిప్రాయం. అయితే సొంతంగా దుకాణం పెట్టుకుని, సొంత పేరుతో నిలబడిన డిజైనర్ల జీవితాలు చదివితే, వారిలో ఎంతోమంది మొదట సూది పట్టింది కాలేజీలో కాదనీ, అమ్మ పక్కన చాప మీద కూర్చుని అనీ తెలుస్తుంది. గడవక పట్టినవారు కొందరు, గత్యంతరం లేక పట్టినవారు కొందరు. అటువంటి ఇద్దరు స్త్రీల గురించి ఈ మాసం చెప్పుకుందాం. ఇద్దరూ అమెరికా దేశపు నల్లజాతి స్త్రీలు. ఇద్దరూ తల్లి దగ్గరే కుట్టు నేర్చుకున్నారు. ఇద్దరూ ఆ దేశపు ప్రథమ మహిళలకు బట్టలు కుట్టారు.

మొదటి ఆమె పేరు ఎలిజబెత్ కెక్లీ. 1818లో వర్జీనియా రాష్ట్రంలో బానిసగా పుట్టింది. ఆమె తల్లి ఆగ్నెస్ కూడా బానిసే. యజమాని ఇంటిల్లిపాదికీ బట్టలు కుట్టడం ఆ తల్లి పనుల్లో ఒకటి. ఆ కాలంలో రెడీమేడ్ బట్టలు ఎక్కడివి? పెద్దవాళ్ల కోట్ల నుంచి చంటిపిల్లల చొక్కాల వరకు అన్నీ ఇంట్లో చేతితో కుట్టవలసిందే. తల్లి కుడుతుంటే పక్కన కూర్చుని ఈ పిల్ల కూడా కుట్లు వేయడం నేర్చుకుంది. నాలుగేళ్ల వయసులో యజమానుల చంటిబిడ్డ ఉయ్యాల ఊపే పని ఆమెకు అప్పగించారు. ఊపు ఎక్కువై బిడ్డ కింద పడితే ఈ పసిదానికి దెబ్బలు పడ్డాయి. ఎదిగే వయసులో కూడా ఆ ఇంటి దొరసాని, "నువ్వు తినే ఉప్పుకు సరిపడా పని కూడా చేయలేవు" అనే అర్థం వచ్చే మాటలు అంటూ ఉండేదట. ఆ మాట ఆమె మనసులోంచి పోలేదు. కెక్లీ 1868లో తన జీవితకథను పుస్తకంగా రాసినప్పుడు ఆ మాటను అందులో చేర్చింది.

తరువాత ఆమె యజమానుల కుటుంబం సెయింట్ లూయిస్ పట్టణానికి మారింది. అక్కడ వారికి రోజులు బాగాలేవు. డబ్బుకు కటకటగా ఉంది. అప్పటికే ముసలిదైన ఆగ్నెస్‌ను బయట పనికి పంపి ఆమె కూలి డబ్బు తెచ్చుకుందామని అనుకున్నారు. కూతురు ఒప్పుకోలేదు. తన తల్లి ముసలితనంలో పరాయి ఇళ్లలో చాకిరీ చేయడం చూడలేనంది. ఆమెకు బదులు తానే ఊళ్లోవాళ్లకు బట్టలు కుట్టి సంపాదిస్తానంది. అన్నట్టే చేసింది. రెండు సంవత్సరాల అయిదు నెలలు తన సూదితో పదిహేడు మందికి అన్నం పెట్టింది. ఆ పదిహేడు మందిలో ఆమెను బానిసగా ఉంచుకున్నవారు కూడా ఉన్నారు! ఉప్పుకు కూడా సరిపోదన్న పిల్ల సంగతి అది.

ఒక రోజు ఆమె యజమానిని ధైర్యం చేసి అడిగింది: నన్నూ నా కొడుకునూ విడుదల చేయడానికి ఎంత తీసుకుంటారు? అతడు మొదట కోప్పడ్డాడు. తరువాత జేబులోంచి పావు డాలరు వెండి నాణెం తీసి ఇచ్చాడు. పడవ కూలికి ఇది చాలు, నది దాటి పొమ్మన్నాడు. నది అవతలి రాష్ట్రంలో బానిసత్వం లేదు. ఆమె ఆ నాణెం తీసుకోలేదు. పారిపోయి పొందే స్వేచ్ఛ తనకు వద్దనీ, చట్టప్రకారం వెలకట్టి కొనుక్కుంటాననీ చెప్పింది. చివరకు ఇద్దరికీ కలిపి 1,200 డాలర్లని తేలింది. ఆమె దగ్గర బట్టలు కుట్టించుకునే స్త్రీలే తలా కొంత వేసుకుని ఆ డబ్బు సమకూర్చారు. 1855లో ఆమె, ఆమె కొడుకు విడుదలయ్యారు. ఆ డబ్బును ఆమె దానంగా పుచ్చుకోలేదు, అప్పుగానే తీసుకుంది. రాత్రింబవళ్లు కుట్టి ప్రతి డాలరూ తీర్చింది.

1860లో ఆమె వాషింగ్టన్ నగరం చేరింది. మరుసటి సంవత్సరం అబ్రహాం లింకన్ అధ్యక్షుడయ్యాడు. ఆయన భార్య మేరీ లింకన్‌కు బట్టలు కుట్టేవారు కావలసి వచ్చింది. నలుగురు కుట్టుపనివారిని పిలిచి మాట్లాడి, వారిలో కెక్లీని ఎంచుకుంది. అప్పుడు ఆ దొరసాని అన్న మాట మన ఊరి వదినగారి మాటలాగే ఉంటుంది. మేము పడమటి నుంచి వచ్చినవాళ్లం, డబ్బున్నవాళ్లం కాము, తక్కువకు కుడితే పనంతా నీకే ఇస్తాను అన్నదట. కెక్లీ వాదం పెట్టుకోలేదు, తగ్గనూ లేదు. నా ధరలు న్యాయమైనవే అని మాత్రం చెప్పింది. మొదటి విందుకు గులాబీరంగు పట్టుగౌను కుట్టి తీసుకెళ్లేసరికి కొంచెం ఆలస్యమైంది. మేరీ లింకన్ అలిగి, ఇక కిందికి రానేరానని కూర్చుంది. కెక్లీ నచ్చజెప్పి, గౌను తొడిగి, జడ సవరించి పంపింది. ఆ వసంతం, వేసవి కలిసి పదిహేను పదహారు గౌన్లు కుట్టింది. ఆ సంవత్సరమే ఆగస్టులో ఆమె ఒక్కగానొక్క కొడుకు యుద్ధంలో చనిపోయాడు. ఆ కొడుకు విడుదల కోసమే ఆమె అంతకాలం కుట్టింది.

తరువాతి సంగతి క్లుప్తంగా చెబుతాను. బానిసత్వం నుంచి తప్పించుకుని వాషింగ్టన్‌కు చేరిన పేదల కోసం 1862లో ఆమె ఒక సహాయ సంఘం స్థాపించింది. ఆమె రాసిన పుస్తకం మేరీ లింకన్‌కు కోపం తెప్పించి ఇద్దరి స్నేహమూ చెడింది. 1892లో ఒహాయో రాష్ట్రంలోని విల్బర్‌ఫోర్స్ విశ్వవిద్యాలయంలో ఆడపిల్లలకు కుట్టుపని నేర్పడానికి వెళ్లింది. 1907లో వాషింగ్టన్‌లోని ఒక అనాథ శరణాలయంలో చనిపోయింది. ఆ పుస్తకమే లేకపోతే ఆమె ఎవరో, ఏం కుట్టిందో మనకు ఇంతగా తెలిసేది కాదు.

ఇక రెండో ఆమె. నిజానికి ఈ మాసం నేను చెప్పాలనుకున్నది ఎక్కువగా ఈమె గురించే.

యాన్ లోవ్ 1898 డిసెంబరులో అలబామా రాష్ట్రంలోని క్లేటన్ అనే చిన్న ఊళ్లో పుట్టింది. అమ్మమ్మ జార్జియా ఒకప్పుడు బానిస, మంచి కుట్టుపనిమంతురాలు. తల్లి జేన్ కూడా అంతే. ఇద్దరూ కలిసి మాంట్‌గొమరీ పట్టణంలో గొప్పింటి స్త్రీలకు విందుల గౌన్లు కుట్టేవారు. పసితనంలో యాన్ ఆట వస్తువు ఏమిటనుకున్నారు? కత్తిరించగా కింద పడిన పట్టు పీలికలు. తోటలో చూసిన పూలను గుర్తుపెట్టుకుని, ఆ పీలికలు మడిచి, కుట్టి, గుడ్డపూలు చేసేది. మన పిల్లలు మిషను కింద పడిన ముక్కలు ఏరుకుని బొమ్మకు చీర కట్టడం లేదా, అలాగే. పెద్దయ్యాక ఆ గుడ్డపూలే ఆమె గుర్తు అయ్యాయి. గౌను అంచున వాటిని చూసి ఇది యాన్ చేతిపని అని పోల్చుకునేవారు.

1914లో తల్లి హఠాత్తుగా చనిపోయింది. అప్పటికి యాన్‌కు నిండా పదహారేళ్లు లేవో, అప్పుడే నిండాయో. తల్లి బల్ల మీద అలబామా గవర్నరు భార్య కోసం మొదలుపెట్టిన నాలుగు గౌన్లు అలాగే ఉన్నాయి. పట్టు కత్తిరించి ఉంది, విందు రోజు నిశ్చయమై ఉంది. ఆ పిల్ల కూర్చుని నాలుగూ పూర్తిచేసింది. తనకు పని వచ్చునని ఆమెకే అప్పుడు గట్టిగా తెలిసింది. కుట్టు నేర్చుకున్నది ఎప్పుడంటే చెప్పలేం గాని, తాను కుట్టుపనిమంతురాలినని తెలుసుకున్నది మాత్రం ఆ నాలుగు గౌన్ల దగ్గర.

ఈలోగా చిన్న వయసులోనే పెళ్లయింది, ఒక కొడుకు పుట్టాడు. భార్య బయటివాళ్లకు కుట్టడం భర్తకు ఇష్టం లేదు. ఆమె మానేసింది. అయితే తన బట్టలు తాను కుట్టుకోవడం మాత్రం మానలేదు. 1916లో డోథన్ అనే ఊళ్లో ఒక దుకాణంలో ఆమె వేసుకున్న బట్టలు చూసి ఫ్లోరిడా నుంచి వచ్చిన ఒక ధనవంతురాలు, ఇవి ఎవరు కుట్టారని అడిగింది. చూశారా, ఆ ఒక్క ప్రశ్న! నేనే కుట్టానని యాన్ చెప్పింది. మా ఊరు టంపాకు వచ్చి మా అమ్మాయిల పెళ్లి బట్టలు కుట్టమని ఆమె పిలిచింది. భర్త ససేమిరా అన్నాడు. యాన్ కొడుకును చంకనేసుకుని రైలెక్కింది. అది సరైనదా కాదా అన్న వాదం మనలో తప్పక వస్తుందని నాకు తెలుసు. నేను తీర్పు చెప్పబోవడం లేదు. చేతిలో విద్య ఉన్న స్త్రీని ఆ విద్య వదిలేయమనడం ఎంత కష్టమో మాత్రం, మిషను అమ్మేసుకోవలసి వచ్చిన సహోదరీలు చెప్పగలరు.

1917లో ఆమె న్యూయార్క్‌లోని ఒక డిజైన్ పాఠశాలలో చేరింది. ఉత్తరంలో చేర్చుకున్నవారు మనిషిని చూడగానే వెనక్కి తగ్గారు. నల్లజాతి పిల్ల అని వారికి తెలియదు మరి. చివరకు చేర్చుకున్నారు గాని మిగతా విద్యార్థినులతో కూర్చోనివ్వలేదు. వేరే గదిలో ఒంటరిగా కూర్చుని కుట్టేది. కొన్నాళ్లకు ఆమె పని బాగుందని, దాన్ని చూసి నేర్చుకోమని ఉపాధ్యాయులే మిగతావారికి చూపించారు. మనిషిని గదిలోకి రానివ్వకపోయినా, ఆమె పని మాత్రం గదిలోకి వెళ్లింది. గడువుకన్నా ముందే చదువు పూర్తిచేసుకుని ఆమె టంపాకు తిరిగి వచ్చింది. అక్కడ సొంత దుకాణం పెట్టి, తనవంటి స్త్రీలకు పని నేర్పి, దగ్గర పెట్టుకుంది. ఇరవై వేల డాలర్లు కూడబెట్టి 1928లో మళ్లీ న్యూయార్క్ చేరింది.

న్యూయార్క్‌లో ఆమె చాలా ఏళ్లు ఇతరుల దుకాణాలకు కుట్టింది. గౌను ఆమెది, లోపల పట్టీ మీద పేరు దుకాణందారుది. 1947లో ఒలీవియా డి హావిలాండ్ అనే సినీ నటి ఆస్కార్ బహుమతి అందుకుంటూ వేసుకున్న గౌను, దాని మీద చేతితో చిత్రించిన పూలు, అంతా యాన్ పనే. దాని మీద పట్టీ మాత్రం వేరే దుకాణానిది.

ఇప్పుడు 1953కు వద్దాం. సెనేటర్ జాన్ కెన్నెడీతో జాక్విలిన్ బౌవియర్ పెళ్లి సెప్టెంబరు 12న న్యూపోర్ట్ పట్టణంలో జరగాలి. తరువాత అమెరికా అధ్యక్షుడైన కెన్నెడీయే ఈయన. పెళ్లికూతురి తల్లి పెళ్లి గౌను, తోడిపెళ్లికూతుళ్ల గౌన్లు అన్నీ యాన్‌కే అప్పగించింది. పెళ్లికూతురి గౌనుకు దంతపు రంగు టాఫెటా పట్టు సుమారు యాభై గజాలు పట్టింది. టాఫెటా అంటే మీకు తెలిసే ఉంటుంది, కదిలితే గరగరమని చప్పుడు చేసే గట్టి పట్టు. పై భాగమంతా సన్నని మడతల పట్టీలను ఒకదానిలో ఒకటి అల్లినట్టు కుట్టింది. కింద పెద్ద ఘేరా, దాని మీద గుండ్రటి మడతల చుట్లు. రెండు నెలల పని. లాభం ఏడువందల డాలర్లు వస్తుందని లెక్క.

పెళ్లి ఇంకా పది రోజులుందనగా, రాత్రి పనిగదిలో నీళ్ల గొట్టం పగిలింది. పొద్దున వచ్చి చూస్తే పదిహేను గౌన్లలో పది పాడైపోయాయి. పెళ్లికూతురిది కూడా వాటిలో ఉంది. మనకైతే కాళ్లూ చేతులూ ఆడవు. ఆమె ముందుగా చేసిన పని, మళ్లీ పట్టు కొనడం. రెండోది, సాయానికి మనుషుల్ని పిలవడం. రేయింబవళ్లు కూర్చుని పది గౌన్లూ మళ్లీ కత్తిరించి, మళ్లీ కుట్టారు. గడువుకు అన్నీ సిద్ధమయ్యాయి. ఏడువందలు లాభం రావలసిన చోట రెండువేల రెండువందల డాలర్లు నష్టం వచ్చింది. గొట్టం సంగతి గాని, నష్టం సంగతి గాని పెళ్లివారికి ఆమె చెప్పనే లేదు.

గౌన్లు తీసుకుని తానే న్యూపోర్ట్ వెళ్లింది. ఆ భవనం గుమ్మం దగ్గర ఆమెను ఆపి, పనివాళ్ల దారిన వెనకవైపు నుంచి రమ్మన్నారు. ముందు గుమ్మంలోంచి రానివ్వకపోతే గౌన్లు తీసుకుని వెనక్కి వెళ్లిపోతాను అందట. ముందు గుమ్మంలోంచే వెళ్లింది. ఈ సంఘటనను ఆమె గురించి రాసేవారందరూ చెబుతారు. నాకు మాత్రం అంతకన్నా, అప్పటికే చేతినుంచి డబ్బు పోయి, నష్టంలో మునిగి ఉన్న మనిషి ఆ మాట అనగలగడం ఆశ్చర్యంగా ఉంటుంది.

పెళ్లి ఫోటోలు దేశమంతటా పత్రికల్లో వచ్చాయి. గౌను వర్ణించని పత్రిక లేదు. తలపై ముసుగు పెళ్లికూతురి అమ్మమ్మదని కూడా రాశారు. కుట్టినామె పేరు మాత్రం ఎక్కడో తప్ప లేదు. కొన్నేళ్లకు, 1961లో, కెన్నెడీ అధ్యక్షుడయ్యాక, ఒక ప్రసిద్ధ మహిళా పత్రికలో ఆ గౌను గురించి మళ్లీ వచ్చింది. అందులో దాన్ని కుట్టింది ఒక రంగుజాతి కుట్టుపనిమనిషి అని, పేరున్న డిజైనర్ కాదన్న ధోరణిలో రాశారు. అది చదివి యాన్ బాధపడింది. ఆ ఏప్రిల్‌లో జాక్విలిన్ కెన్నెడీకే నేరుగా ఉత్తరం రాసింది. నష్టం గురించి అప్పుడు కూడా రాయలేదు, డబ్బు అడగలేదు. తన పేరు చెప్పకపోయినా సరే, పేరున్న నల్లజాతి డిజైనర్ అని చెబితే చాలని కోరింది. ఆ ఉత్తరం ఇప్పటికీ కెన్నెడీ గ్రంథాలయంలో భద్రంగా ఉంది.

ఈ మాట రాస్తుంటే మన నర్సాపురం గుర్తుకొస్తోంది. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీ దొరసానులు నేర్పిన లేసు పని గోదావరి జిల్లాల్లో ఇంటింటా పాకింది. ఒక కొక్కెపు సూది, ఒక దారపు ఉండ, అంతే పెట్టుబడి. అక్కడి అరుగుల మీద అల్లిన లేసు విదేశాలకు ఎగుమతి అయింది. 1982లో మరియా మీస్ అనే జర్మను పండితురాలు ఆ స్త్రీల గురించి ఒక పుస్తకం రాసింది. గంటల తరబడి అల్లుతున్నా వారిని పనివారిగా ఎవరూ లెక్కపెట్టడం లేదని, ఇంట్లో ఊరికే కూర్చున్న ఆడవాళ్లు తీరిక వేళల్లో చేసుకునే పనిగా చూస్తున్నారని, ఆ చూపు వల్లనే కూలి అంత తక్కువగా ఉందని ఆమె వాదన. న్యూయార్క్‌లో పేరు లేని కుట్టు, నర్సాపురంలో పేరు లేని అల్లిక. దూరం చాలా ఉంది గాని తీరు ఒక్కటే.

యాన్ లోవ్ విషయంలో తప్పంతా లోకానిదే అనడం కూడా నాకు ఇష్టం లేదు. డబ్బు లెక్కల్లో ఆమె బలహీనురాలు. లెక్కలు ఆమె కొడుకు ఆర్థర్ చూసేవాడు. 1958లో కారు ప్రమాదంలో అతడు చనిపోయాడు. అక్కడి నుంచి ఆమె వ్యాపారం కిందికి జారింది. ఒక పెద్ద దుకాణంలో డిజైనర్‌గా చేరినా, గుడ్డ ఆమే కొనుక్కోవాలి, పనివారికి జీతాలు ఆమే ఇవ్వాలి. మూడువందల డాలర్లకు ఇస్తున్న గౌను మీద తాను నాలుగువందల యాభై దాకా ఖర్చు పెడుతున్నానని చాలా ఆలస్యంగా తెలిసిందని ఆమే తరువాత ఒప్పుకుంది. గొప్పింటి స్త్రీలు కూడా బేరమాడేవారు. ఆమె కాదనలేకపోయేది. పని అందంగా రావాలన్న తపన ఒక్కటే ఆమెకు ఉండేది.

సహోదరీలారా, ఈ మూడువందలు, నాలుగువందల యాభై అన్న లెక్క దగ్గర ఒక్క నిమిషం ఆగండి. మీలో కుట్టుపని చేసేవారు ఒక జాకెట్టుకు మీరు తీసుకునే డబ్బు ఒక కాగితం మీద రాయండి. దాని పక్కన లైనింగు గుడ్డ, దారం, హుక్కులు, మిషను నూనె, సూదులు, మోటారు ఉంటే కరెంటు, లైనింగు కోసం టౌనుకు వెళ్లిన బస్సు చార్జీ, ఇవన్నీ రాయండి. వాటి కింద, కత్తిరించిన దగ్గరి నుంచి హెమ్మింగు పూర్తయ్యేదాకా ఎన్ని గంటలు పట్టిందో రాయండి. చాలామంది ఈ ఆఖరి వరుస రాయరు. రాస్తే, పొలంలో కలుపు తీసినా ఇంతకన్నా ఎక్కువ కూలి వస్తుందని తెలిసినా ఆశ్చర్యం లేదు. అప్పుడు వదినగారితో ఏమనాలో మీకే తోస్తుంది. గొడవపడనక్కరలేదు. కెక్లీ లింకన్ గారి భార్యతో గొడవపడలేదు కదా.

1962లో యాన్‌కు ఒకేసారి రెండు దెబ్బలు తగిలాయి. పన్నులు కట్టలేక దుకాణం పోయింది. గ్లకోమా జబ్బుతో కుడి కన్ను తీసేయవలసి వచ్చింది. ఆమె ఆసుపత్రిలో ఉండగా ప్రభుత్వానికి కట్టవలసిన 12,800 డాలర్ల పన్ను బాకీని ఎవరో పేరు చెప్పకుండా కట్టేశారు. అది జాక్విలిన్ కెన్నెడీయే అయి ఉంటుందని యాన్ నమ్మింది. మరుసటి సంవత్సరం దివాలా తీసింది. మిగిలిన ఎడమ కంటికి శుక్లం వచ్చింది. ఆపరేషన్‌తో ఆ చూపు దక్కింది. ఆ ఒక్క కంటితోనే 1968లో మళ్లీ దుకాణం తెరిచింది, ఈసారి తన పేరుతో. 1972 దాకా నడిపింది.

ఆమెలో నాకు నచ్చని సంగతి కూడా ఒకటుంది, దాచడం దేనికి? తాను పాత గొప్ప వంశాలవారికే కుడతాననీ, కొత్తగా డబ్బు చేసినవారికి కుట్టననీ 1966లో ఒక పత్రికవారితో గర్వంగా చెప్పుకుంది. తనను వెనక గుమ్మంలోంచి రమ్మన్న లోకం మీదే ఆమెకు అంత మోజు. ఆ మోజు లేకపోతే ఇంత పని చేసేది కాదేమో. అదే ఆమెను ముంచిందేమో కూడా. కొత్త డబ్బువారైతే అడిగినంత ఇచ్చేవారు కదా అని నాకనిపిస్తుంది. నల్లజాతి మనిషి కూడా గొప్ప డిజైనర్ కాగలదని చూపించాలన్నదే తన కోరిక అని ఆమె చెప్పుకునేది. ఆ కోరిక ముందు డబ్బు లెక్క ఆమెకు ఆనలేదు.

1981 ఫిబ్రవరి 25న, ఎనభై రెండేళ్ల వయసులో, ఆమె న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో కన్నుమూసింది.

ఆమె కుట్టిన గౌన్లు ఇప్పుడు అమెరికాలోని పెద్ద మ్యూజియంలలో ఉన్నాయి. 2023 సెప్టెంబరులో డెలావేర్ రాష్ట్రంలోని వింటర్‌థర్ మ్యూజియంలో ఆమె దుస్తులు చేర్చి ఒక పెద్ద ప్రదర్శన పెట్టారు. ప్రదర్శనకు ఆమె పేరే పెట్టారు. అందరూ చూడాలనుకున్నది కెన్నెడీ పెళ్లి గౌనునే. అసలు గౌను కెన్నెడీ గ్రంథాలయం ఆధీనంలో ఉంది. పట్టు బాగా నలిగి, ముట్టుకుంటే చిరిగే స్థితిలో ఉండడం వల్ల దాన్ని తేలేకపోయారు. అందుకని కుట్టుపని బోధించే ఒక అధ్యాపకురాలు అక్కడికి వెళ్లి, అసలు గౌనును లోపలా బయటా పరిశీలించి, కొలతలు రాసుకుని వచ్చి, అచ్చు అటువంటి గౌను మళ్లీ కుట్టింది. నీళ్లపాలైన మొదటి గౌనును కూడా లెక్కవేస్తే, అది మూడోసారి కుట్టడం.